ఆకాశంలో తిరిగిన ఆ వెలుగు

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత దీవెనలు.

నానమ్మ మోకాళ్ల నొప్పులు ఇప్పుడు నయం. మొన్న నల్లగొండలో షాపు ఓపెనింగ్ నాడు ఆకాశంలో గుండ్రంగా తిరుగుతున్న తెల్లటి వెలుగును చూసి, "తాతా, అది ఎక్కడిదాకా పోతది?" అని అడిగారు గదా. ఇంతలో బస్సు వచ్చింది, నేను జవాబు చెప్పలేకపోయాను. దేవరకొండకు వచ్చినంక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ లైటుకు తాత ఒకటి ఉంది, యుద్ధపు సర్చిలైటు. రెండో ప్రపంచ యుద్ధంలో, చీకట్లో బాంబులు వేయడానికి వచ్చే విమానాలను వెతికి పట్టుకోవడానికి అమెరికాలో స్పెర్రీ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలు వాటిని తయారుచేశాయి. పెద్ద డ్రమ్ములాంటి డబ్బా, లోపల 60 అంగుళాల అద్దం. అంటే ఐదడుగులు, మన ఇంటి దర్వాజలో అడ్డంగా పట్టదు. దాని వెలుగు 80 కోట్ల కొవ్వొత్తులంత అని లెక్క చెప్తారు. అన్ని కొవ్వొత్తుల వెలుగు అందులో పుడుతుందని కాదు. నాలుగు దిక్కులకూ చెదిరిపోవాల్సిన వెలుగును అద్దం ఒక్క దిక్కుకే మళ్లిస్తుంది. ఆ దిక్కున నిలబడి చూసినవాడికి అంత కనబడుతుంది. చేనంతా పరుచుకునే నీళ్లను ఒక్క సన్నని కాలువలోకి మళ్లిస్తే ఎట్లా ఉరుకుతాయో చూశారు గదా, అట్లా.

అసలు సర్చిలైటును నేను ఎన్నడూ ముట్టలేదు. కానీ దాని గుండెకాయ మాత్రం నాకు బాగా ఎరుక. డేరా టాకీసులో సినిమా మిషను ఆపరేటరుగా ఉన్న పదకొండేళ్లూ నా పని దానితోనే. రెండు కార్బన్ కడ్డీలు ఉంటాయి. వాటి కొసలను ఒకదానికొకటి తాకించి, కొంచెం వెనక్కి లాగితే నడుమ మంట అంటుకుంటుంది. దాన్నే ఆర్క్ అంటారు. ప్లస్ కడ్డీ కొసన చిన్న గుంట పడి, సూర్యుడి ముక్కలా మండుతుంది. ఇనుము 1,538 డిగ్రీలకు కరిగితే, ఆ గుంటలో వేడి అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ.

ఆ కడ్డీలు మండుతూ అరిగిపోతుంటాయి. నడుమ సందు పెరిగితే వెలుగు చచ్చిపోతుంది. నేను మరను తిప్పుతూ వెంట్రుకవాసి చొప్పున వాటిని దగ్గరికి జరుపుతూ ఉండేవాణ్ణి. ఒకసారి పక్కవాడితో మాటల్లో పడి మరిచిపోయాను. తెర మీద హీరోయిన్ ముఖం పసుపు తిరిగి, ఎర్రబడి, మాయమైంది. జనం ఈలలు! ఆనాటి టెన్షన్ ఇప్పటికీ మరువలేదు. కడ్డీలకు పూసిన రాగి కరిగి కింద గోలీల్లా పడేది. దాన్ని డబ్బాలో పోగుచేసి తూకానికి అమ్ముకునేవాళ్లం.

నల్లద్దం లేకుండా దానివైపు చూడకూడదు. కొత్తలో చూశాను. అప్పుడేమీ కాలేదు. అర్ధరాత్రి కండ్లలో ఉసికె పోసినట్టయి, తెల్లారేదాకా కూర్చున్నాను. వెల్డింగు షాపు ముందు ఆగి చూడకండి అని నేను మిమ్మల్ని కసురుకునేది అందుకే. అదీ ఆర్కే.

యుద్ధపు లైటుకు 78 వోల్టులు, 150 ఆంపియర్లు కావాలి. గుణించి చూడండి, దాదాపు 12 కిలోవాట్లు. మన బోరు మీద ఉన్న ఐదు హార్స్‌పవర్ మోటార్లు మూడు ఒకేసారి నడిచినంత. యుద్ధభూమిలో కరెంటు స్తంభాలు ఎక్కడివి? అందుకే ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను ఉన్న జనరేటరును చక్రాల మీద వెంట లాక్కుపోయేవాళ్లు. అది ఇచ్చేది డీసీ, అంటే ఎప్పుడూ ఒకే దిక్కున పారే కరెంటు. ఆర్క్ కదలకుండా నిలకడగా మండడానికి అదే మంచిది. మా టాకీసులోనూ ఆయిలింజను డైనమోను తిప్పేది. ఇంజను దమ్ము తగ్గిందంటే చెవితో వినక ముందే తెర మీద తెలిసిపోయేది.

తర్వాత రేడియో తరంగాలతో వెతికే రాడార్ వచ్చి విమానాలను చీకట్లోనే కనిపెట్టసాగింది. సర్చిలైట్లకు పని పోయింది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాటిని జనరేటర్లతో సహా మిగులు సామానుగా అమ్మేసింది. కొన్నవాళ్లు సినిమా విడుదలకూ, షాపు ఓపెనింగులకూ వెలిగించి జనాన్ని పిలిచారు. ఇప్పటికీ అమెరికాలో కొందరు ఆ పాత ఇంజన్లను బాగుచేసి నడిపిస్తుంటారు. అట్లాంటివాళ్లంటే నాకు ఎంతో గౌరవం. మొన్న మీరు చూసిన రకం లైట్లలో కడ్డీలు ఉండవు, గాజు బల్బులో గ్యాసు నింపి, అందులోనే ఆర్క్ పుట్టిస్తారు.

ఇక మీ ప్రశ్న. ఆ వెలుగు మనకు కనబడేది గాలిలో దుమ్మూ తేమా ఉన్నందుకే. పైకి పోయేకొద్దీ అవి తగ్గిపోతాయి, వెలుగు కూడా పలచబడుతుంది. అందుకే అక్కడితో తెగిపోయినట్టు అనిపిస్తుంది. కానీ అది తెగలేదు, ఇంకా పోతూనే ఉంటుంది.

దసరాకు వచ్చేటప్పుడు మీ నాన్న పాత మూడు బ్యాటరీల టార్చి తెండి. ఎల్‌ఈడీది వద్దు, బుడ్డి బల్బుదే కావాలి. రాత్రి పెరట్లో దాని బల్బు చుట్టూ ఉండే గిన్నెలాంటి అద్దం ఊడదీసి ఒట్టి బల్బు వెలిగిద్దాం. కొంచెం దూరంలోని గోడ కూడా సరిగ్గా కనబడదు. మళ్లీ అద్దం బిగించి చింతచెట్టు కొసకు కొడదాం. నా డబ్బాలో రెండు కార్బన్ ముక్కలు మిగిలాయి. మీ కోసమే దాచాను.

మీ తాత