నల్లబడిన బొట్టు, జపాను విమానం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు గత నెలలో మా ఇంటికి ఒక పాత ఆల్బమ్ తెచ్చారు. అందులో ఒక ఫొటోలో జంట రెక్కల విమానం పక్కన వారి పెదనాన్నగారు నిలబడి ఉన్నారు. విమానం పక్క భాగాన నల్లటి గుండ్రని గుర్తు ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన జపాను విమానాల్లో ఇదొకటని ఆ ఇంట్లో చెప్పుకుంటూ వచ్చారట. జపాను గుర్తు ఎర్రటి సూర్యబింబం కనుక ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు.

పాత విమానాన్ని గుర్తుపట్టాలంటే చాలామంది ముందు దాని ముక్కును, రెక్కలను చూస్తారు. అంతకంటే ముందు ఫిల్మును చూడాలని నా అభిప్రాయం. ఫొటో పూతలోని వెండి లవణాలు సహజంగా నీలి, ఊదా, అతినీలలోహిత కాంతికే స్పందిస్తాయి. 1873లో హెర్మన్ వోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఆ పూతలో తగిన రంగు పదార్థాన్ని కలిపితే ఆకుపచ్చ కాంతికి కూడా స్పందిస్తుందని కనుగొన్నారు. అలా పుట్టినదే ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము. తరంగదైర్ఘ్యం సుమారు 600 నానోమీటర్లు దాటిన ఎరుపు దానికి చీకటితో సమానం. అందుకే స్టూడియోల వాళ్లు డార్క్‌రూములో ఎర్ర బల్బు వెలిగించుకుని నిశ్చింతగా ఫిల్ము కడిగేవారు.

అదే ఆల్బమ్‌లో, అదే రీలులో తీసిన మరో ఫొటోలో పెద్దమ్మగారు కూర్చుని ఉన్నారు. ఆమె నుదుట కుంకుమ కాటుక చుక్కలా ఉంది, పసుపు రాసుకున్న పాదాలు ముఖం కంటే నల్లగా ఉన్నాయి, వెనుక ఆకాశం తెల్ల కాగితంలా ఉంది. ఫొటోలో బొట్టు నల్లబడటం అపశకునమని ఆ ఇంట్లో ఒకరు ఆ పటాన్ని గోడ మీద నుంచి తీసేశారట. నాకు చాలా బాధ కలిగింది. ఆ నలుపు ఫిల్ముది, అది ఏ కీడునూ సూచించదు. బడిలో వర్ణపటం పాఠం చెప్పే రోజున ఇటువంటి ఫొటో ఒకటి పిల్లల చేతికి ఇస్తే ఎంత బాగుంటుంది!

ఇప్పుడు విమానం దగ్గరకు వద్దాం. బ్రిటిష్ వాయుసేన గుర్తులో నడుమ ఎరుపు, దాని చుట్టూ తెలుపు, అంచున నీలం ఉంటాయి. ఈ ఫిల్ము మీద ఎరుపు నల్లబడుతుంది, నీలం పాలిపోతుంది. వెండి రంగు పూసిన విమానం మీద, దశాబ్దాలుగా వెలిసిన ముద్రలో, ఆ నీలం దాదాపు కలిసిపోయి నడిమి గుండ్రమొక్కటే మిగులుతుంది. భూతద్దం పెట్టి ఏటవాలు వెలుతురులో చూస్తే నల్లని గుండ్రం చుట్టూ లేత బూడిద రంగు వలయం కనిపించింది. ఎరుపును కూడా చూడగల పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వాడి ఉంటే ఎరుపు తేలికపడి, నీలం ముదిరి, వలయం స్పష్టంగా పడేది. ఎర్ర చుక్కను చూసి జపాను విమానమని పొరబడుతున్నారని 1942, 43 సంవత్సరాల్లో ఈ ప్రాంతపు బ్రిటిష్ విమానాల మీద ఆ ఎరుపునే తీసివేశారు. కనుక ఈ ఫొటో అంతకు ముందుది.

పైగా విశాఖ మీదికి వచ్చినవి ర్యూజో అనే నౌక నుంచి లేచిన ఒంటి రెక్కల వరుస ఉన్న నకజిమా విమానాలు.

మిగిలిన పని సులువైంది. మొనదేలిన ముక్కు రోల్స్ రాయిస్ కెస్ట్రెల్ ఇంజనుది. పొగగొట్టం విమానం పక్కనే సగం పొడవు దాకా సాగింది. కడుపు కింద, నేల మీద రెండు గడల మధ్య కట్టిన తాడు నుంచి ఉత్తరాలను అందుకునే కొక్కెం ఉంది. ఒకే పోలిక గల బ్రిటిష్ జంట రెక్కల విమానాలైన హాకర్ హార్ట్ నుంచి హాకర్ ఆడాక్స్‌ను వేరు చేసేవి ముఖ్యంగా ఈ రెండే. కనుక ఇది ఆడాక్స్. రాయల్ ఎయిర్ ఫోర్స్ 20వ స్క్వాడ్రన్ 1930లలో పెషావరు నుంచి ఆడాక్సులను నడిపింది. పెదనాన్నగారు పెళ్లయిన కొత్తలో మిలిటరీ లెక్కల గుమాస్తాగా పెషావరులోనే ఉన్నారని మాస్టారు అప్పుడు గుర్తు చేసుకున్నారు.

ఆ కాలపు బ్రిటిష్ వాయుసేన విమానాల వరుస సంఖ్యలో కె అక్షరం, నాలుగు అంకెలు ఉండేవి. కె మాత్రం ఆయన మోచేతి పక్కన చదవగలిగాను. నాలుగు అంకెలూ చేతి వెనుక ఉన్నాయి.