థీసిస్ నుంచి జీవో దాకా: విజయవాడ, గుంటూరుల్లో వైద్య పరిశోధన నడిచిన దారి

విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం, సిద్ధార్థ వైద్య కళాశాల ఉన్నాయి. గుంటూరులో 1946 నాటి వైద్య కళాశాల ఉంది. మధ్యలో మంగళగిరి ఎయిమ్స్, కృష్ణ ఒడ్డున వెలగపూడి సచివాలయం. ఆరోగ్యం మీద నిర్ణయం తీసుకునేవాళ్లూ, ఆ నిర్ణయానికి కావలసిన లెక్క తీయగలవాళ్లూ ఇంత దగ్గరగా ఇంతకుముందెప్పుడూ లేరు. అయినా ఏటా పీజీ విద్యార్థులు రాసే థీసిస్‌లలో చాలావరకు లైబ్రరీ బీరువా దాటి డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి) బల్ల మీదికి చేరవు. ఈ ఎడం ఇప్పటిది కాదు.

1986 నవంబర్ 1న విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం మొదలైంది. అంతవరకు వైద్య కళాశాలలు ఆయా ప్రాంతాల విశ్వవిద్యాలయాల కింద ఉండేవి. 1998లో దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022లో వైఎస్సార్ పేరు వచ్చి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. పేరు గురించి జరిగినంత చర్చ దాని పని తీరు గురించి జరగలేదు. అది ప్రధానంగా అఫిలియేషన్లు, ప్రవేశాలు, పరీక్షలు, పట్టాలు చూసే సంస్థ. రోగులు ఉండేది బోధనాసుపత్రుల్లో, ఆ ఆసుపత్రులేమో వైద్య విద్య సంచాలకుల కింద. టీకాలు, క్షయ, మలేరియా, మాతాశిశు ఆరోగ్యం లెక్కలు ప్రజారోగ్య శాఖ దగ్గర. ఆ శాఖల పెద్దలంతా హైదరాబాద్ కోఠిలో. విజయవాడలో ఆమోదం పొందిన పరిశోధన ప్రశ్నకూ, కోఠిలో అధికారి వెతుక్కుంటున్న జవాబుకూ మధ్య 270 కిలోమీటర్ల దూరం, రెండు మూడు శాఖల గోడలు ఉండేవి.

అలాంటి కాలంలోనే పరిశోధన విధానాన్ని కదిలించిన గట్టి ఉదాహరణ గుంటూరు జిల్లా నుంచే వచ్చింది. అప్పట్లో హెచ్ఐవీ లెక్కలు సెంటినల్ పద్ధతిలో కట్టేవారు. ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రికి ప్రసవ పూర్వ పరీక్షలకు వచ్చిన గర్భిణుల్లో వరుసగా 400 మంది రక్త నమూనాలు, సుఖవ్యాధుల క్లినిక్‌లలో 250 నమూనాలు తీసి, పేర్లు తెలియకుండా పరీక్షించి, ఆ శాతాన్ని జనాభాకు హెచ్చవేసేవారు. 2004-05లో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు గుంటూరు జిల్లాలో నేరుగా ఇళ్లకు వెళ్లారు. పల్లెలు, పట్టణాల నుంచి 15-49 ఏళ్లవారిని శాస్త్రీయంగా ఎంపిక చేసి, 12,617 మంది రక్తం పరీక్షించారు. ఎంపికైనవారిలో నూటికి 91 మంది సహకరించారు. అధికారిక పద్ధతి ప్రకారం జిల్లాలో 1,12,635 మందికి హెచ్ఐవీ ఉండాలి. ఇంటింటి సర్వే తేల్చింది 45,942. అంటే అధికారిక లెక్క రెండున్నర రెట్లు ఎక్కువ.

తేడా ఎక్కడొచ్చిందో వాళ్లు విడమరిచి చూపారు, అసలు విలువ అక్కడే ఉంది. ప్రైవేటు డాక్టర్లు హెచ్ఐవీ ఉన్నవారిని, అనుమానం ఉన్నవారిని పెద్ద ప్రభుత్వాసుపత్రులకు పంపేసేవారు. దాంతో అక్కడి గర్భిణుల్లో పాజిటివ్ శాతం జిల్లా సగటు కన్నా ఎక్కువ కనిపించేది. ప్రభుత్వాసుపత్రికి వచ్చేవారిలో పేదలే ఎక్కువ, వాళ్లలో ఈ వ్యాధి కూడా ఎక్కువ. వీటికి తోడు సుఖవ్యాధుల క్లినిక్‌ల లెక్కను అదనంగా కలిపేవారు. 2007లో దేశం మొత్తం అంచనా 50 లక్షల పైనుంచి సుమారు 25 లక్షలకు దిగింది. ఆ మార్పుకు గుంటూరు సర్వే ఒక్కటే కారణం కాదు. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చేసిన రక్త పరీక్షలు, పెంచిన సెంటినల్ కేంద్రాలు ప్రధాన ఆధారాలు. కానీ పాత పద్ధతి ఎక్కడ తప్పుతోందో ఒక జిల్లా స్థాయిలో ముందుగా రుజువు చేసింది ఇదే. మందులు, కౌన్సెలింగ్ కేంద్రాలు, సిబ్బంది అన్నీ ఆ అంచనా మీదే ఆధారపడతాయి కాబట్టి, ఇది కేవలం అంకెల సవరణ అనుకోలేం.

మన పీజీ థీసిస్‌లు అధికారికి ఎందుకు పనికిరావో కూడా ఈ సర్వేతో పోల్చితే తెలుస్తుంది. ఎక్కువ థీసిస్‌లు ఒకే ఆసుపత్రిలో వంద మంది రోగుల మీద నడుస్తాయి. వందమందిలో పదిమందికి ఏదైనా సమస్య కనిపిస్తే, అసలు శాతం 5 నుంచి 17 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ అంకెతో జిల్లాకు మందుల ఇండెంటు వేయలేం. 10 శాతం ఉంటుందనుకున్న సమస్యను అటూ ఇటూ 2 శాతం కచ్చితత్వంతో కొలవాలంటే సుమారు 865 మంది కావాలి. ఊళ్ల వారీగా గుంపులు (క్లస్టర్లు) తీసుకుంటే, ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి సంఖ్యను రెట్టింపు చేసి (దీన్నే డిజైన్ ఎఫెక్ట్ 2 అంటారు) 1,730. పదిమందిలో ఒకరు దొరకరు, లేదా ఒప్పుకోరు అనుకుంటే ఇంచుమించు 1,920. ఒక్క పీజీ మూడేళ్ల కోర్సులో, వార్డు డ్యూటీల మధ్య ఇది చేయలేడు. నలుగురు పీజీలు ఒకే ప్రశ్నను నాలుగు మండలాల్లో ఒకే ఫారంతో చేస్తే సాధ్యమే. అలా ప్రశ్నలను జతపరిచే పని ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

కలిసి పనిచేయడం అన్నిసార్లూ మేలే చేసిందనీ చెప్పలేం. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఒక అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ల బాలికలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపాయి. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలపై హైదరాబాద్‌లో మందుల ప్రయోగాలు జరిగాయన్న వార్త బయటికొచ్చింది. ఇవన్నీ చూశాక జిల్లా అధికారి పరిశోధన అనే మాట వింటేనే ఫైలు పక్కన పెడితే ఆశ్చర్యం లేదు. ఆ భయంలో న్యాయముంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలతో వైద్య పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీలు ఆరోగ్య పరిశోధన విభాగంలో నమోదు కావడం తప్పనిసరైంది.

2014 విభజనతో భూగోళం మారింది. సచివాలయం వెలగపూడికి, ఆరోగ్య శాఖ కార్యాలయాలు విజయవాడ పరిసరాలకు వచ్చాయి. 2018లో మంగళగిరి ఎయిమ్స్ తొలి బ్యాచ్ సిద్ధార్థ వైద్య కళాశాలలోనే తరగతులు మొదలుపెట్టింది. దూరం తగ్గింది కానీ పద్ధతి మారలేదు. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు ఆ లోటు బయటపడింది. కొందరు రోగులను విజయవాడ ప్రభుత్వాసుపత్రికి తెచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ చూసింది. హైదరాబాద్ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలు చూసింది. నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) నీటి నమూనాలు చూసింది. ఎవరి నమూనా ఏ రోజు, ఏ ఇంటి నుంచి, చికిత్సకు ముందా తర్వాతా తీశారన్న ఉమ్మడి జాబితా మొదటి రోజే ఉండి ఉంటే ఆ ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవడం తేలికయ్యేది.

2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుస మరణాల తర్వాత మెలియాయిడోసిస్ అనుమానం వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న. మట్టిలో, నీళ్లలో ఉండే ఈ బ్యాక్టీరియా మధుమేహం ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది. ల్యాబ్‌లో సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. తెలియని ల్యాబ్ దాన్ని మామూలు సూడోమోనాస్ (చూడటానికి దీనిలాగే ఉండే మరో బ్యాక్టీరియా) అనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఒక రోగి సర్వజనాసుపత్రిలో, మరొకరు ప్రైవేటులో, ఇంకొకరు ఇంటి దగ్గరే ఉంటే, ఊరి పేరుతో కలిపి చూసే మనిషి లేనంతవరకు అవి మూడు వేర్వేరు జ్వరాలే. 2004లో మొదలైన వ్యాధి నిఘా పథకంలో మన రాష్ట్రం తొలి విడతలోనే ఉంది. 2021 నుంచి ఆ పథకం కింద కేసులు తెలిపే ఫారాలు ఆన్‌లైన్ అయ్యాయి. మైక్రోబయాలజీ విభాగం నుంచి జిల్లా నిఘా అధికారికి ఊరి పేరుతో సహా అదే రోజు ఫోను వెళ్లే అలవాటు మాత్రం ఏ పోర్టలూ నేర్పలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న మంచి అవకాశం జిల్లా రెసిడెన్సీ. 2021 ప్రవేశాల నుంచి ప్రతి పీజీ 3, 4, 5 సెమిస్టర్లలో ఒకదాంట్లో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. చాలాచోట్ల వాళ్లను డ్యూటీ డాక్టర్ల కొరత తీర్చడానికే వాడుతున్నారు. కమ్యూనిటీ మెడిసిన్ పీజీనైనా డీఎంహెచ్‌వో కార్యాలయంలో కూర్చోబెట్టాలి. అతని చేతికి ముందే ప్రశ్న ఇవ్వాలి. ఉదాహరణకు, ఫలానా మండలంలో బీపీ మందులు మొదలుపెట్టినవారిలో ఆరు నెలల తర్వాత ఎందరు వాడుతున్నారు, మానేసినవారు ఎందుకు మానేశారు.

దానికి ముందు కొన్ని పనులు పూర్తవ్వాలి. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక పత్రం) కోర్సు మొదటి ఆరు నెలల్లో నమోదవుతుంది కాబట్టి జిల్లా అవసరాల జాబితా ఆలోపే కళాశాలకు చేరాలి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన డేటా ఎవరు ఇస్తారో, ఎవరి దగ్గర ఉంటుందో ఒప్పంద పత్రంలో రాసుకోవాలి. ఎక్కువగా నిలిచిపోయేది ఇక్కడే: మాటమీద ఇచ్చిన డేటాను, అధికారి బదిలీ కాగానే కొత్తాయన వెనక్కి అడుగుతారు. హారం, అంటే శాతం కట్టేటప్పుడు కేసులను భాగించే జనాభా సంఖ్య, కూడా సరిచూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది, చేతిలో ఉన్నది 2011 జనగణన. మండలాల వారీగా జనాభాను మళ్లీ కూడకుండా జిల్లా శాతం కడితే పాత జిల్లా హారం మీద కొత్త జిల్లా కేసులు పడతాయి.

నివేదిక రెండు పేజీలు మించకూడదు. ఏం తేలింది, ఏం మార్చాలి, ఆ పని ఎవరు చేయాలి, ఏడాదికి ఎంత ఖర్చు, జాతీయ ఆరోగ్య మిషన్ ప్రణాళికలో ఏ పద్దు కింద అడగాలి. ఆ ప్రణాళిక 2022 నుంచి రెండేళ్లకోసారి తయారవుతోంది. జిల్లాల నుంచి ప్రతిపాదనలు కూడేసరికి ఫలితం అందకపోతే అనుబంధ ప్రతిపాదన కోసమో, తర్వాతి రెండేళ్ల కోసమో ఆగాలి. థీసిస్ సమర్పించే తేదీ పరీక్షల క్యాలెండర్‌ను బట్టి ఉంటుంది. అందువల్ల ఫీల్డ్‌వర్క్ ముగిసిన నెలలోపే, గైడ్ సంతకంతో, థీసిస్ బైండింగ్ కోసం ఆగకుండా ఆ రెండు పేజీలు డీఎంహెచ్‌వోకు, కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా ఆరోగ్య సొసైటీ సమావేశానికి వెళ్లాలి.