పేరున్నవాళ్ల బాధలు: అపోహలు, వాస్తవాలు

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. నటులు, గాయకులు, ఆటగాళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల గురించి బయట వినబడే మాటలకీ, గదిలో నేను వినేవాటికీ పొంతన ఉండదు.

అపోహ: అంత డబ్బున్నవాళ్లకి బాధలేంటి?

వాస్తవం: డబ్బు కొన్ని బాధల్ని నిజంగానే తీరుస్తుంది, కాదనను. కానీ ఇక్కడ సంపాదించేది ఒక్కరు, ఆధారపడేది పదిమంది. తమ్ముడు ఉద్యోగం మానేసి మేనేజరవుతాడు. బావ లెక్కలు చూస్తాడు. చిన్ననాటి స్నేహితుడు కారు నడుపుతాడు. ఆ తర్వాత 'ఒక ఏడాది విశ్రాంతి తీసుకుంటా' అంటే చాలు, నాలుగిళ్లలో టెన్షన్ మొదలవుతుంది. లెక్కల్లో తేడా కనబడినా అడగలేరు. మేనేజర్ని మార్చుకోవచ్చు గానీ తమ్ముణ్ని ఎలా మారుస్తారు? నా గదిలో ఎక్కువ కన్నీళ్లు దీని గురించే, ట్రోలింగ్ గురించి కాదు.

పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయం. చాప్లిన్ పక్కన నటించి పేరు తెచ్చుకున్న జాకీ కూగన్ చిన్నప్పుడే లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూస్తే తల్లి, మారుతండ్రి దాదాపు అంతా ఖర్చు చేసేశారు. 1938లో అతను కోర్టుకెక్కాడు. బాలనటుల సంపాదనలో కొంత భాగం వాళ్ల కోసం విడిగా దాచాలనే చట్టం కాలిఫోర్నియాలో 1939లో వచ్చింది ఆ గొడవ వల్లే. ఇంట్లో తీసే వీడియోల్లో కనిపించే పిల్లలకి అలాంటి రక్షణ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జులైలో గానీ అమల్లోకి రాలేదు. చాలాచోట్ల ఇప్పటికీ లేదు.

అపోహ: లక్షలమంది ప్రేమిస్తుంటే ఒంటరితనం ఎక్కడిది?

వాస్తవం: అభిమానికి వాళ్లు తెలుసు, వాళ్లకి అభిమాని తెలియదు. ఈ ఒకవైపు బంధం గురించి హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. కొత్తగా కలిసే ప్రతి మనిషీ ముందే ఏదో ఒక అభిప్రాయంతో వస్తే ఇక స్నేహం ఎక్కడ మొదలుపెట్టాలి? నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు చాలామంది తలుపు కనబడే కుర్చీ చూసుకుని కూర్చుంటారు. సమస్య చెప్పరు. ముందు, 'మీరు రాసుకునే నోట్స్ ఎవరు చూస్తారు?' అని అడుగుతారు.

ఆ ప్రేమ ఎటు తిరుగుతుందో కూడా చెప్పలేం. 1993లో హాంబర్గ్‌లో టెన్నిస్ మ్యాచ్ మధ్యలో మోనికా సెలెస్‌ని కత్తితో పొడిచినవాడు ఆమె ప్రత్యర్థి స్టెఫీ గ్రాఫ్‌కి వీరాభిమాని. గాయం కొన్ని వారాల్లో మానింది. ఆమె మళ్లీ పోటీల్లో దిగడానికి మాత్రం రెండేళ్లు దాటింది.

అపోహ: కోరుకుని వచ్చారు కాబట్టి అన్నీ భరించాల్సిందే.

వాస్తవం: వాళ్లు కోరుకున్నది ఆటనో, పాటనో. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో నవోమి ఒసాకా ఆడనని అనలేదు, మ్యాచ్ తర్వాత విలేకరులతో మాట్లాడనంది. 15,000 డాలర్ల జరిమానా పడింది, చివరికి టోర్నీ నుంచే తప్పుకుంది. పోనీ ఆమె ఎంచుకున్న వృత్తి అందాం. స్కూలు గేటు దగ్గర కెమెరాలు చూసి తండ్రి వెనక దాక్కునే పిల్లలు ఏం ఎంచుకున్నారు?

అపోహ: డిప్రెషన్ అని చెప్పుకోవడం పబ్లిసిటీ కోసమే.

వాస్తవం: చెబితే అవకాశాలు పోతాయని ఏళ్ల తరబడి దాచేవాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు.

అపోహ: పేరు తగ్గితే ప్రశాంతత వస్తుంది.

వాస్తవం: ముందు పోయేది ఆదాయం, ముఖం మాత్రం అందరికీ గుర్తుంటుంది. పని లేదు, అయినా పక్క వీధి దాకా మామూలుగా నడిచి వెళ్లలేరు. 'ఒకప్పుడు మీరే కదా?' అనే పలకరింపు కూడా గుచ్చుకుంటుంది. ఈ దశలో వచ్చినవాళ్లని నేను అడిగేది ఒకటే: జీతం తీసుకోకుండా, పేరు రాకముందు నుంచీ మీతో మాట్లాడుతున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఉంటే, వచ్చేసారి ఆ మనిషిని వెంట తీసుకురమ్మంటాను.