బ్యూప్రెనార్ఫిన్ (హెరాయిన్ లాంటి మత్తుకు అలవాటుపడ్డవారికి చికిత్సగా ఇచ్చే మాత్ర) వాడేవారిలో క్యాన్సర్ ఎందుకు ఆలస్యంగా బయటపడుతోంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘నొప్పి అంటున్నాడంటే విత్‌డ్రాయల్ అయినా అయ్యుండాలి, డోసు పెంచించుకోవడానికైనా అయ్యుండాలి.’

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. విత్‌డ్రాయల్ అంటే అలవాటైన మత్తుమందు ఆగితే ఒంట్లో వచ్చే బాధలు. దానికి ఒక లెక్కుంది. హెరాయిన్ ఆపితే 8-12 గంటల్లో మొదలవుతుంది, రెండు మూడు రోజులకు ముదురుతుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆవులింతలు, ముక్కు కారడం, గగుర్పాటు, విరేచనాలు, ఒళ్లంతా పీకడం, అన్నీ కలిసే వస్తాయి. డోసు పడగానే సర్దుకుంటాయి. రోజూ డోసు తీసుకుంటున్నా ఒకేచోట నిలిచిపోయి, వారాల తరబడి పెరుగుతూ, రాత్రి నిద్రలేపే నొప్పి ఈ లెక్కలో లేదు. దాన్ని పరీక్షించాల్సిందే.

బరువు సంగతీ అంతే. చికిత్సలో కుదురుకున్నవాళ్లు సాధారణంగా ఒళ్లు చేస్తారు. 60 కిలోల మనిషి ఆర్నెల్లలో ఊరికే 57కు దిగితే ‘మళ్లీ మొదలెట్టాడు’ అనేసి వదిలేయొద్దు. ప్రతి నెలా కార్డు మీద బరువు రాస్తే ఇది ఇట్టే తెలుస్తుంది.

దగ్గు విషయంలో మరీ ఘోరం. కఫంలో టీబీ క్రిమి దొరక్కపోయినా ఎక్స్‌రేలో నీడ చూసి టీబీ మందులు మొదలుపెడతారు. అందులోని రిఫాంపిసిన్ వల్ల రక్తంలో మెథడోన్ (ఇదీ మత్తు అలవాటుకు ఇచ్చే చికిత్స మందే) పడిపోతుంది. బ్యూప్రెనార్ఫిన్ కూడా తగ్గొచ్చు. అప్పుడు నిజంగానే విత్‌డ్రాయల్ వస్తుంది, ‘చూశారా, మేం అనుకున్నదే’ అంటారు. ఈలోగా ఊపిరితిత్తిలో గడ్డ పెరుగుతూనే ఉంటుంది. సీబీనాట్ (కఫంలో టీబీ క్రిమిని పట్టే పరీక్ష) నెగెటివ్ వచ్చి, మందులకు నీడ తగ్గకపోతే సీటీ, బయాప్సీ అడగండి.

ఓఎస్‌టీ సెంటర్లలో (ఈ చికిత్స మందులిచ్చే కేంద్రాల్లో) నర్సులకు ఒక మాట. మాత్ర పొడి నాలుక కింద కరిగిందా లేదా అని రోజూ నోరు తెరిపించి చూస్తారు కదా! ఆ టార్చి వెలుగు ఒక్క క్షణం బుగ్గల లోపలికీ, నాలుక అంచులకూ తిప్పండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే అదే రోజు రిఫర్ చేయండి.

అపోహ: ‘హెపటైటిస్ సి నయమైంది, ఇక కాలేయానికి ఢోకా లేదు.’

అప్పటికే సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) ఉంటే, వైరస్ పోయినా కాలేయ క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానకూడదు.

అపోహ: ‘బ్యూప్రెనార్ఫిన్ వల్లే క్యాన్సర్ వస్తుంది.’

2020లో ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) క్యాన్సర్ కారకమని తేల్చింది నల్లమందు వాడకాన్ని. చికిత్స మాత్రను కాదు.

అపోహ: ‘క్యాన్సర్ అని తేలితే ఈ మాత్ర ఆపేస్తారు, మార్ఫిన్ కూడా ఇవ్వరు.’

ఈ భయంతోనే చాలామంది నొప్పిని దాచుకుంటారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ మాత్ర ఆపక్కర్లేదు. రోజుకోసారి వేసే డోసు విత్‌డ్రాయల్‌ను 24 గంటలు ఆపుతుంది, నొప్పిని మాత్రం 6-8 గంటలే. అందుకే అదే మోతాదును డాక్టర్లు మూడు నాలుగు భాగాలు చేసి ఇస్తారు. చాలకపోతే దాని మీదే మార్ఫిన్ కలుపుతారు, మామూలు రోగికన్నా ఎక్కువే అవసరం కావచ్చు. మెథడోన్ మీద ఉన్నవారైతే క్యాజువాలిటీలో ముందే చెప్పండి: పెంటాజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ పడితే నిమిషాల్లో తీవ్రమైన విత్‌డ్రాయల్ వస్తుంది.