పాప్ గోస్ ద వీజల్‌లో తాకట్టు కొట్టు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

చిన్నది "పాప్ గోస్ ద వీజల్" భలే పాడుతోంది. వీజల్ అనే ముంగిసలాంటి జంతువు పాప్‌మని పేలడమేంటని పెద్దాడు అడిగాడు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

ఇది పసిపిల్లల కోసం పుట్టిన పాట కాదురా. 1853లో లండన్ జనం దీనికి వెర్రెత్తినట్టు డాన్సు చేశారు. ఒక చరణంలో సిటీ రోడ్డూ, ఈగిలూ వస్తాయి. ఈగిల్ అంటే గద్ద కాదు, ఆ రోడ్డు మీదుండే పబ్బు. "పాప్" చేయడమంటే అప్పటి వాడుకలో తాకట్టు పెట్టడం. వీజల్ సంగతి మాత్రం పండితులు ఇప్పటికీ తేల్చలేదు. దర్జీ పనిముట్టు అని కొందరు, తొడుక్కునే కోటు అని కొందరు. కోటు అనే బదులు దానికి ప్రాస కుదిరే "వీజల్ అండ్ స్టోట్" అనేవారు, లండన్ వాళ్లకి అలా ప్రాసలతో మాట్లాడటం సరదా. నా ఓటు కోటుకే. కూలి జనం ఆదివారం తొడుక్కున్న మంచి బట్టల్ని సోమవారం తాకట్టు కొట్టులో పెట్టి, శనివారం కూలి డబ్బులు అందగానే విడిపించుకునేవారు. వారం వారం ఇదే తంతు. బియ్యానికింత, తియ్యటి పాకానికింత, డబ్బంతా ఇట్టే అయిపోయిందని పాట ఊరికే అనలేదు.

మేరీ లాయిడ్ అని గొప్ప హాస్య గాయని ఉండేది. 1919 నాటి ఆమె పాట "డోంట్ డిల్లీ డాలీ" నాకు మరీ ఇష్టం. అందులో "మై ఓల్డ్ మేన్" అంటే నాన్న కాదు, మనం "మా ఆయన" అంటామే, అదీ. అద్దె కట్టలేక రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేస్తారు మొగుడూ పెళ్లాలు. ఇలా పారిపోవడానికి అక్కడ "మూన్‌లైట్ ఫ్లిట్" అని పేరు. బండినిండా సామాన్లే, ఆవిడ ఎక్కడానికి చోటు లేదు. పెంపుడు పిట్టని పట్టుకుని వెనకాల నడుస్తూ, దారిలో ఓ "హాఫ్ క్వార్టర్న్" కోసం ఆగుతుంది. అంటే పింటులో (అరలీటరుకి కాస్త ఎక్కువ కొలత) ఎనిమిదో వంతు మందు. (అమ్మమ్మకి ఈ లెక్కలెలా తెలుసని మీ అమ్మని అడక్కండి.) ఇంకేముంది, దారి తప్పింది! ఇప్పటి "స్పెషల్"ని నమ్ముకోలేం, పాతకాలపు "కాపర్"లే నయం అని వాపోతుంది. కాపర్ అంటే పోలీసు, స్పెషల్ అంటే వాలంటీరుగా చేరిన పోలీసు. జనం పగలబడి నవ్వేవారు. వాళ్లలో ఎంతమంది అలా ఇల్లు ఖాళీ చేసినవాళ్లో!

పెద్దాడికి ఇంకొకటి. రష్యా, టర్కీల యుద్ధంలో బ్రిటన్ దిగాలా వద్దా అని 1878లో గొడవ నడుస్తుంటే, మెక్‌డెర్మాట్ అనే గాయకుడు "బై జింగో" అని ఒట్టేసి పాడాడు. మాకు కొట్లాట వద్దు, కానీ దిగామంటే చూస్కోండి అన్న ధోరణి. యుద్ధం కావాలని ఎగిరేవాళ్లని ఎదుటిపక్షం "జింగో"లని వెక్కిరించింది. ఇంగ్లిష్ పేపర్లో నువ్వు చూసే "జింగోయిజం" అందులోంచి వచ్చిందే.

ఇట్లు,
మీ అమ్మమ్మ