ఉక్కును వదలని ప్రోటీను

2013 సెప్టెంబరులో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ ఆరోగ్యాధికారులు ఎనిమిది మంది రోగులకు ఒక కబురు చెప్పవలసి వచ్చింది. మాంచెస్టర్ నగరంలో మెదడుకు శస్త్రచికిత్స జరిగిన ఒక వ్యక్తి ఆగస్టులో మరణించగా, అందుకు కారణం మెదడును దెబ్బతీసే ప్రాణాంతకమైన క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి (సీజేడీ) అని శవపరీక్షలో తేలింది. ఆ శస్త్రచికిత్సలో వాడిన పరికరాలనే మామూలు పద్ధతిలో శుభ్రపరిచి ఈ ఎనిమిది మందికీ వాడారు. అవి మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌కు కూడా వెళ్లడంతో అక్కడ మరో ఐదుగురు ఈ జాబితాలో చేరారు. ముప్పు చాలా తక్కువని అధికారులు చెప్పారు. అయితే ఆవిరి వేడిలో శుద్ధి చేసిన ఉక్కు మీద మిగలగలిగేది ఏమిటన్నదే ఇక్కడ ఆసక్తికరమైన ప్రశ్న.

వేడి సూక్ష్మజీవులను చంపుతుందని చెప్పి మన బడి పాఠం ఆగిపోతుంది. ప్రాణమే లేనిదాన్ని ఎలా చంపాలన్న ప్రశ్న అందులో రాదు. ఏటా ప్రపంచంలో పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే ఈ వ్యాధికి మూలమైన ప్రియాన్‌లో డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ ఉన్నట్టు ఆధారం లేదు. అది మన నాడీకణాల మీద సహజంగానే ఉండే పీఆర్‌పీ అనే ప్రోటీను, కాకపోతే తప్పుగా ముడుచుకున్నది.

దీన్ని అర్థం చేసుకోవడానికి పటికబెల్లం తయారీని మించిన దారి నాకు కనబడలేదు. చిక్కటి చక్కెర పాకం కదపకుండా ఉంచితే దానంతటదే గడ్డకట్టడానికి చాలాకాలం పడుతుంది. పలుకులు అంటిన దారాన్ని అందులో వేలాడదీస్తే మాత్రం కరిగి ఉన్న చక్కెర ఆ పలుకుల వరుసనే అనుసరిస్తూ వచ్చి అతుక్కుంటుంది. మెదడులోని మామూలు పీఆర్‌పీ ఆ పాకం లాంటిది. ఆల్ఫా సర్పిలాలు అనే చుట్టలు ఎక్కువగా ఉన్న ఆ అణువు, బీటా పలకలు అనే చదునైన మడతలుగా పేర్చుకున్న ప్రియాన్ పోగు చివరను తాకినప్పుడు తన ముడతలు విప్పుకొని పోగు ఆకారంలోకి మారి, నిచ్చెనకు కొత్త మెట్టులా చేరిపోతుంది. మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే, మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం వాటిలో సుమారు ఐదు భాగాలంత. పోగు విరిగితే ప్రతి ముక్కా కొత్త పలుకే కనుక, పెరుగుదల క్రమంగా రెట్టింపులవుతూ పోతుంది. పాకమే లేకపోతే పలుకు ఏమీ చేయలేదు: పీఆర్‌పీ జన్యువును తొలగించిన ఎలుకలకు ప్రియాన్‌ను ఎక్కించినా జబ్బు రాలేదని 1993లో చూపారు.

ఈ పోలికలో దారం స్థానంలో ఉన్నది ఉక్కు. స్విట్జర్లాండ్‌లో చార్లెస్ వైస్‌మన్ బృందం సన్నని స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలను జబ్బుపడిన ఎలుక మెదడులో ఐదు నిమిషాలు మాత్రమే ఉంచి, కడిగి, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మెదళ్లలో అమర్చినప్పుడు వాటికీ జబ్బు వచ్చింది. ప్రియాన్ లోహానికి అంత గట్టిగా అంటుకుంటుంది, ఆరిపోతే పట్టు మరింత బిగుస్తుంది. పటికబెల్లం నీటిలో కరిగిపోతుంది, ఇది కరగదు. పోలిక చెల్లనిది ఇక్కడే. అంతకుముందే, 1974లో జ్యూరిచ్‌లో సీజేడీ రోగి మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్లను ఆల్కహాలుతోనూ ఫార్మాల్డిహైడ్ ఆవిరితోనూ శుభ్రపరిచి ఇద్దరు యువ మూర్ఛ రోగులకు వాడగా, రెండేళ్లలోపే ఆ ఇద్దరికీ అదే వ్యాధి వచ్చింది. ఆ తరువాత పలుమార్లు శుభ్రపరిచి, రెండేళ్లకు పైగా గడిచాక వాటిని ఒక చింపాంజీకి అమర్చితే దానికీ వచ్చింది. నిజానికి ఫార్మాల్డిహైడ్ ప్రోటీనును స్థిరపరుస్తుంది కాబట్టి ఇక్కడ అది శుద్ధి కన్నా కాపుదలే ఎక్కువ చేస్తుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించిన పద్ధతులు అంత కఠినమైనవి: లీటరుకు 40 గ్రాముల గాఢత గల కాస్టిక్ సోడా ద్రావణంలో గంటసేపు నానబెట్టి ఆపై ఆటోక్లేవ్ చేయడం, అంటే అధిక పీడనపు ఆవిరిలో ఉంచడం, వాటిలో ఒకటి. శస్త్రచికిత్స పరికరాల ద్వారా సీజేడీ సోకినట్టు నిర్ధారణ అయిన కేసులన్నీ 1976కు ముందువే. ప్రతి కడుగుడులోనూ పలుకుల సంఖ్య బాగా తగ్గిపోతుంది కనుక ముప్పు తక్కువన్న మాటలో బలం ఉంది.

అయినా ఆ పదముగ్గురికీ ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదు. పపువా న్యూగినీలోని ఫోరే ప్రజలు చనిపోయిన బంధువులను తినే ఆచారం వల్ల వచ్చిన కురు అనే ప్రియాన్ వ్యాధిని చేతబడిగా భావించారు. కొందరిలో తిన్న యాభై ఏళ్లకు గానీ లక్షణాలు బయటపడలేదు కాబట్టి వారి నమ్మకాన్ని చూసి నవ్వడం నాకు చేతకాదు.

ఇప్పుడు పాకం-పలుకు సూత్రంతోనే పరీక్ష కూడా చేస్తున్నారు. ఆర్‌టీ-క్విక్ అనే ఆ పద్ధతిలో, ప్రయోగశాలలో తయారుచేసిన పీఆర్‌పీకి రోగి వెన్నుద్రవాన్ని చేర్చి కుదుపుతూ ఉంటే, ప్రియాన్ ఉన్నప్పుడు పోగులు పెరిగి, వాటిని పట్టుకునే రంగు మెరుస్తుంది. అయితే అది లక్షణాలు మొదలైన రోగిలో వ్యాధిని నిర్ధారించేందుకు ఉపయోగపడుతుందే తప్ప, ఆ పదముగ్గురి వంటి ఆరోగ్యవంతులకు వ్యాధి రాదని హామీ ఇవ్వలేదు. కారణం తెలియని మతిమరుపు వేగంగా ముదురుతున్న రోగికి మెదడు బయాప్సీ చేస్తే, ఫలితం వచ్చేదాకా ఆ పరికరాలను మరొకరికి వాడకుండా పక్కన ఉంచాలన్న జాగ్రత్త అందుకే అవసరమవుతోంది.