దానికి చీకటి పడితేనే తెల్లవారినట్టు

విశాఖపట్నం,
పుష్య బహుళ అమావాస్య, రాత్రి.

చిరంజీవి బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులు అయిపోయి మీరు రైలెక్కిన సాయంత్రం, బండి కదులుతుండగా బుజ్జి కిటికీ ఊచల్లోంచి నన్నొక ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచేలోగా ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆ ముందురోజు తెల్లవారుజామున మనం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళినప్పుడు, చేపల కుప్ప పక్కన మంచుముక్కల మీద మెత్తగా ముడుచుకుని పడి ఉన్న ఆక్టోపస్‌ను మీరిద్దరూ వంగి చాలాసేపు చూశారు. దాన్ని తెచ్చినాయన, "ఇది రాత్రి తిరిగేది పాపా, దీనికి సీకటి పడితేనే తెల్లారినట్టు" అన్నాడు. ఆ మాట బుజ్జి మనసులో నాటుకున్నట్టుంది. "తాతయ్యా, సముద్రం అడుగున దీపం ఉండదు కదా, మరి అది రాత్రిపూట తిండి ఎలా వెతుక్కుంటుంది? దానికి భయం వెయ్యదా?" అన్నదే ఆ ప్రశ్న.

ఇవాళ చొల్లంగి అమావాస్య. మేడ మీద నిలబడితే సముద్రం హోరు వినిపిస్తోంది గాని నీరు కనబడడం లేదు. దీనికి జవాబు రాయడానికి ఇంతకంటే మంచి రాత్రి దొరకదని కాగితం తీశాను. అయితే జవాబును సముద్రం దగ్గర కాక, మా అమ్మ వంటింటి దగ్గర మొదలుపెడతాను. కాస్త ఓపికగా చదవండి.

మా నాన్న పోర్టులో పనిచేసేవారు. రాత్రి డ్యూటీ పడిన వారాల్లో ఆయన తొమ్మిది దాటాక ఇంటి నుంచి బయలుదేరేవారు. మాది ఒకటే గది, దానికి ఆనుకుని చిన్న వంటిల్లు. పిల్లలం ఐదుగురం ఆ వేళకు వరుసగా చాప మీద నిద్రపోతూ ఉండేవాళ్ళం. దీపం పెడితే లేస్తామని అమ్మ కుంపట్లో నిప్పుకణికల ఎరుపు తప్ప మరో వెలుతురు లేకుండానే చారుకు పోపు పెట్టి, నాన్న కారియర్ సర్దేది. నేనొక్కణ్ణి నిద్రపోయినట్టు నటిస్తూ ఆ చప్పుళ్ళు వింటూ పడుకునేవాణ్ణి. పోపులపెట్టె మూత తీసిన చప్పుడు, చిన్న గిన్నెలో వేళ్ళు కదిలిన చప్పుడు, ఆ వెంటనే నూనెలో ఆవాలు చిటపటలాడిన చప్పుడు వరుసగా వినిపించేవి. ఏ రోజూ ఆవాల బదులు మెంతులు పడలేదు. ఒకసారి ఉండబట్టలేక, "అమ్మా, చీకట్లో ఏ గిన్నెలో ఏముందో నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను. "నాకెందుకు తెలియాలిరా, చేతికి తెలుసు" అంది.

పిల్లలూ, ఆక్టోపస్ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళుగా నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు. దానికి ఎనిమిది చేతులు. మన పుస్తకాల్లో అష్టపాది అని రాస్తారు గాని, అవి చేసే పనంతా చేతుల పనే కాబట్టి నేను చేతులనే అంటాను. సాధారణ ఆక్టోపస్ ఒంట్లో సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. మనలాగా వాటిలో ఎక్కువ భాగం తలలో ఉండవు. మూడింట రెండు వంతులు ఆ ఎనిమిది చేతుల్లోనే పరుచుకుని ఉంటాయి. అంటే తలలో ఉన్న మెదడు "ఆ రాతి కింద చూడు" అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఏ సందులోకి దూరాలో, ఎంతవరకు వంగాలో, తగిలినది రాయో పీతో తేల్చుకునే పని చాలావరకు చేతిదే. మా అమ్మ నాన్నతో ఇంటి ఖర్చుల లెక్క మాట్లాడుతూనే, చేతిని పోపులపెట్టెకు వదిలేసేది. అలాంటిదే ఇదీ.

ఇంకొకటి కూడా ఉంది. మా అమ్మకు అప్పుడప్పుడూ ఉప్పేదో పంచదారేదో అనుమానం వచ్చేది, ఎందుకంటే రెండూ వేళ్ళకు ఇంచుమించు ఒకేలా తగులుతాయి. అప్పుడు చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేది. ఆక్టోపస్‌కు ఆ ఇబ్బంది లేదు. హార్బర్‌లో మీరు చూసిన ఆ చేతుల అడుగున రెండు వరుసల్లో చిన్న చిన్న గిన్నెల్లాంటివి ఉన్నాయి కదా, వాటిని చూషకాలు అంటారు. అవి పట్టుకోవడానికే కాదు, రుచి చూడడానికి కూడా పనికివస్తాయి. ఆ చూషకాల్లో తగిలితే చాలు రుచి పట్టే ప్రత్యేకమైన గ్రాహకాలు ఉన్నాయని 2020లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కనుగొన్నారు. నీటిలో కరిగి దూరం నుంచి వచ్చే వాసన అక్కర్లేదు, ఆ వస్తువుకు చూషకం ఆనితే చాలు. ఒక్కో చేతికి ఇలాంటివి రెండు వందలకు పైగా ఉంటాయంటే, ఆ ప్రాణికి చీకట్లో ఎన్ని నాలుకలో మీరే లెక్క వేయండి.

వేటాడే తీరు కూడా వంటింటి పనిలాగే ఉంటుంది. చీకట్లో ఉల్లిపాయ దొర్లిపోతే అమ్మ దాని వెంట పరుగెత్తేది కాదు. రెండు చేతులూ చుట్టూ ఆనించి, దడి కట్టినట్టు చేసి, అప్పుడు లోపల వెతికేది. ఆక్టోపస్ తన చేతుల మధ్య ఉన్న పలచని చర్మాన్ని గొడుగులా విప్పి ఒక రాయి మీద మొత్తంగా వాలుతుంది. పారిపోయే దారులన్నీ అలా మూసేసి, చేతుల కొసలను రాతి సందుల్లోకి పంపి తడుముతుంది. లోపల ఉన్న పీతకో రొయ్యకో ఎటు దూకినా గొడుగే తగులుతుంది. కుంపటి దగ్గరికి పోగానే అమ్మ చేయి ఆమె చూడకుండానే వెనక్కి వచ్చేసేది కదా, ఆక్టోపస్ చేతికీ అలాంటి తెలివి ఉంది. తన కళ్ళకు కనబడని చోట చేతి కొస మీద వెలుతురు పడితే అది చేతిని వెనక్కి లాక్కుంటుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించారు.

దానికి కళ్ళు లేకపోలేదు, చాలా మంచి కళ్ళు ఉన్నాయి. పగలు అడ్డగీతలా సన్నగా ఉండే కంటిపాప చీకట్లో గుండ్రంగా విచ్చుకుని, దొరికిన కాస్త వెలుతురునూ లోపలికి తీసుకుంటుంది. ఆ కళ్ళకు రంగులు తెలియవని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రాత్రిపూట తిరిగే దానికి అదొక పెద్ద లోటు కాదు.

ఇక రాత్రే ఎందుకు అంటారా? ఒంట్లో ఒక్క ఎముక లేదు, మీద పెంకు లేదు, అంతా మెత్తని మాంసం. పగటి వెలుతురులో చూపుతో వేటాడే పెద్ద చేపలకు అది సిద్ధంగా వడ్డించిన విస్తరి. అదీగాక దానికి ఇష్టమైన పీతలు, రొయ్యలు చాలావరకు చీకటి పడ్డాకే దాగిన చోటు నుంచి బయటికి వస్తాయి. తినేవాళ్ళు తక్కువగా, తిండి ఎక్కువగా ఉండే వేళను అది పనివేళగా పెట్టుకుంది. రాత్రి కూడా పూర్తి క్షేమం కాదు. పాములా ఉండే మోరే ఈల్ అనే చేప వాసన పట్టుకుని రాతి సందుల్లోకే వస్తుంది. కాబట్టి, బుజ్జీ, భయం లేదని నేను చెప్పలేను. భయం ఉన్నా ఆకలి ఉంది, ఇంటికి దారి తెలుసు, అందుకని బయలుదేరుతుంది. నాన్న కూడా వాన కురిసే రాత్రులు గొడుగు పట్టుకుని అలాగే బయలుదేరేవారు.

ఆ ప్రాణిని నేను మొదటిసారి దగ్గరగా చూసింది పదకొండేళ్ళ వయసులో. నాతో చదువుకునే జాలరిపేట కుర్రవాడొకడు తన తండ్రి వెంట పీతలకు వెళుతూ నన్నూ రమ్మన్నాడు. అమావాస్య పాటు వేళ, ఇంకా కోడి కూయలేదు. జోడుగుళ్ళపాలెం వైపు నీరు బాగా వెనక్కి తగ్గి, పగలు ఎప్పుడూ చూడని రాళ్ళు నల్లగా బయటపడి ఉన్నాయి. లాంతరు కిందకి దించి ఒక నీటి గుంటలో చూశాం. అరచేయంత రాయి మీద తడిగుడ్డ పరిచినట్టు ఏదో ఉంది. చూస్తూ ఉండగానే ఆ గుడ్డ అంచు నుంచి సన్నని చేయి ఒకటి బయటికి వచ్చి, రాతి పగులు వెంబడి మెల్లగా, ఎక్కడా తొందరపడకుండా, ముత్తైదువ ముగ్గు గీత లాగినట్టు లోపలికి పోయింది. లాంతరు ఇంకాస్త దగ్గరికి జరపగానే ఆ గుడ్డ రాతి రంగులోకి మారిపోయి, ఉందా లేదా అన్నట్టయింది.

నేను దాన్ని బకెట్‌లోకి ఎక్కించి ఇంటికి తెచ్చాను. అది చేయకూడని పని. పొద్దెక్కేసరికి నీళ్ళు వేడెక్కి, ఆ ప్రాణి బూడిదరంగుకు పాలిపోయి అడుగున ముద్దగా పడి ఉంది. అప్పుడే డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్ళతో నాన్న ఇంట్లోకి వచ్చారు. బకెట్‌లోకి చూశారు. నన్ను తిట్టలేదు. "ఇది కూడా రాత్రంతా పని చేసిందిరా, దీన్ని ఇంటికి పోనివ్వాలి" అని, చొక్కా కూడా మార్చుకోకుండా బకెట్ ఎత్తుకుని నాతో పాటు మళ్ళీ రాళ్ళ దగ్గరికి నడిచారు. నీటిలో వంచగానే అది కదలలేదు. కొంతసేపటికి ఒక చేయి చాచి రాతిని తాకింది. మరికాసేపటికి రెండో చేయి చాచింది. తర్వాత రాతి కిందకు నీరు ఇంకినట్టు ఇంకిపోయింది. ఆ రోజు నాన్నకు నిద్ర లేదు. అందుకే చెబుతున్నాను, రాళ్ళ మధ్య ఏ ప్రాణిని చూసినా చూసి సంతోషించండి గాని ఇంటికి తేకండి, తిరగేసిన రాయిని మళ్ళీ ఉన్నట్టే పెట్టండి, ఎందుకంటే అది ఎవరిదో ఇంటి కప్పు.

పెద్దవాళ్ళు దానికి ఇల్లు కట్టినా అది ఉండాలనుకోదు. న్యూజిలాండ్‌లోని నేపియర్ ఊళ్ళో జాతీయ అక్వేరియం ఉంది. 2016లో అక్కడి ఇంకీ అనే ఆక్టోపస్ కథ లోకమంతా తెలిసింది. ఒక రాత్రి తొట్టె మూత కొంచెం తెరిచి ఉండడం చూసి అది బయటికి వచ్చింది. నేల మీద పాకి, సుమారు 50 మీటర్ల గొట్టంలోంచి సముద్రంలోకి వెళ్ళిపోయింది. పొద్దున్నే వచ్చినవాళ్ళకు నేల మీద తడి జాడ మాత్రమే దొరికింది.

అన్ని ఆక్టోపస్‌లూ రాత్రివే అనుకోకండి. మన లక్షద్వీపాల చుట్టూ ఉండే పగడపు దిబ్బల్లో పగలే వేటాడే జాతి ఒకటి ఉంది. దాని బతుకంతా కళ్ళ మీద, క్షణక్షణం రంగు మార్చే చర్మం మీద ఆధారపడి ఉంటుంది. దాని సంగతి చెప్పాలంటే మరో ఉత్తరం రాయాలి.

మరి రాత్రి తిరిగేది పగలు ఏం చేస్తుంది? తిన్న పీతల డిప్పలు, ఆలిచిప్పలు గుమ్మం ముందు కుప్పగా పడి ఉండగా, చిన్న రాళ్ళు లాక్కుని వాకిలికి అడ్డం పెట్టుకుని నిద్రపోతుంది. నాన్న కూడా కిటికీకి దుప్పటి కట్టుకుని పగలు పడుకునేవారు, మేం వీధిలో గోళీలాట కూడా గుసగుసలతో ఆడేవాళ్ళం. జపాన్‌లోని ఒకినావాలో రాత్రి తిరిగే ఒక చిన్న జాతి ఆక్టోపస్‌లను నిద్రలో గమనించి 2023లో ఒక విషయం చెప్పారు. అవి చాలాసేపు తెల్లగా, కదలకుండా పడుకుంటాయి. ఇంచుమించు గంటకోసారి ఒక నిమిషం పాటు కళ్ళు, చేతులు అదురుతాయి. ఆ నిమిషంలో ఒంటి మీద రంగులు ఒకదాని వెంట ఒకటి పరుగెడతాయి. ఆ రంగులు మెలకువలో అది వేటాడేటప్పుడు, దాక్కునేటప్పుడు వేసుకునే రంగుల్లాగే ఉంటాయి. పిల్లలూ, నేను ఆ సంగతి చదివిన రోజు కాగితం పక్కన పెట్టి చాలాసేపు ఊరుకున్నాను. నిద్రలో నాన్న వేళ్ళు కూడా అప్పుడప్పుడూ తాడు లాగుతున్నట్టు కదిలేవి. ఆ నిమిషంలో ఆ ప్రాణి ఏ రాతి సందులో తడుముతూ ఉందో, ఏ పీత తప్పించుకుపోయిందో!

మళ్ళీ సెలవులకు వచ్చినప్పుడు అమావాస్యో పౌర్ణమో కలిసి వస్తే, పాటు వేళ కనుక్కుని నాతో రండి, రాళ్ళ మీదకు వెళదాం. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి, మన తీరంలో అల చెప్పి రాదు. టార్చి లైటుకు ఎర్ర కాగితం చుట్టి తీసుకువెళదాం, ఆ ఎరుపు దాని కళ్ళకు అంతగా ఆనదు. అది కనబడకపోయినా, గుమ్మం ముందు చిప్పల కుప్ప కనబడితే చాలు, ఇల్లు దొరికినట్టే.

అంతవరకు ఒక పని చేయండి. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మనడిగి పోపులపెట్టె తెచ్చుకోండి, దీపం ఆపండి, గిన్నెల వరుస మార్చమని మీ నాన్నకు చెప్పండి. తర్వాత ఆలోచించకుండా చేతిని లోపలికి పంపండి. ఏ గిన్నె దగ్గర చేయి వెంటనే చెప్పిందో, ఏ గిన్నె దగ్గర తడబడిందో ఇద్దరూ వేరువేరుగా నాకు ఉత్తరం రాయండి.

మీ
తాతయ్య